కొండదారి వదిలితే: మొదటిసారి ఎక్కేవాళ్ళకి కొన్ని మాటలు

పెంచలకోన, ఉదయగిరి దుర్గం, ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన, అటు మార్కాపురం దాటితే నల్లమల. నెల్లూరు, ప్రకాశం వైపు కుర్రాళ్ళు ఆదివారం బైకులేసుకుని పోయే కొండలు దాదాపు ఇవే. ఈమధ్య రీల్స్ పుణ్యమా అని గుడి దాకా వెళ్ళి దణ్ణం పెట్టుకుని తిరిగొచ్చేస్తే చాలట్లేదు, జలపాతం పైన ఇంకేముందో చూడాలి. వెళ్ళొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు, చెప్పినా ఎవరూ వినరు. వెళ్ళేముందు ఏం చూసుకోవాలి, నడిచేటప్పుడు ఏం చెయ్యాలి, దారి వదిలేశామని తెలిశాక ఎలా బయటపడాలి, ఇంతే విషయం.

కొండ మీద తప్పిపోదామని ఎవరూ దారి వదలరు. ఒకడికి ఫొటో కావాలి. ఇంకొకడికి ఒంటికి పోవాలి. మూడోవాడికి కింద రోడ్డు మీద పోయే లారీ కనపడుతుంది, "ఈడ్నించి దిగితే రోడ్డే గదా, ఆ చుట్టుదారెందుకు" అంటాడు, మిగతావాళ్ళు కూడా అలిసిపోయి ఉంటారు కాబట్టి సరేనంటారు. ఇరవై అడుగులు పక్కకి వెళ్ళినంత మాత్రాన కొంపలు మునగవు. మళ్ళీ చూస్తే దారి కనపడనప్పుడు, వెనక్కి రాకుండా "ముందుకే పోదాం, ఎక్కడో ఒకచోట కలుస్తుందిలే" అనుకుంటారు చూడండి, అక్కడ మునుగుతాయి. అందుకని మిగతాదంతా చదవకపోయినా ఈ ఒక్కటి బుర్రకెక్కించుకోండి: అనుమానం రాగానే ఆగి, చివరిసారి దారి ఖాయంగా కనపడిన చోటికి, వచ్చిన అడుగుల మీదే వెనక్కి వెళ్ళండి. మళ్ళీ ఎక్కాల్సి వచ్చినా సరే, గంట దండగైనా సరే.

మన కొండలు ఎలా మోసం చేస్తాయి

వెలిగొండలు ఉత్తరం నుంచి దక్షిణానికి గోడలాగా సాగుతాయి. ఇటు తూర్పున మన నెల్లూరు మైదానం, అటు పడమర కడప జిల్లా. పైకెక్కి ఇటు చూస్తే చెరువులు, పొలాలు, ఊళ్ళు అన్నీ చేతికందేంత దగ్గరగా కనపడతాయి. మధ్యలో ఉన్నది మాత్రం కనపడదు. పై నుంచి చూసేవాడికి చెట్ల తలలే ఒకదాని కింద ఒకటి వరసగా, పచ్చటి వాలులాగా తోస్తాయి, రెండు వరసల మధ్య నిట్టనిలువు బండ ఉన్న సంగతి దాని అంచుకి వచ్చేదాకా తెలీదు. అప్పటికి మీరు దిగొచ్చిన బండలు మళ్ళీ ఎక్కగలరా అన్నది ఇంకో ప్రశ్న. మామూలుగా బండ ఎక్కడం తేలిక, దిగడం కష్టం, ఎందుకంటే దిగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నామో కంటికి కనపడదు. కాబట్టి ఎక్కేటప్పుడే "దీన్ని దిగగలనా" అని అడుక్కోండి, జవాబు తడబడితే ఎక్కొద్దు.

"వాగు పట్టుకుని కిందికి పోతే ఊరొస్తుంది" అని పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. మైదానంలో నిజమే. మన కొండల్లో వాగు పట్టుకుని పోతే ముందు వచ్చేది జలపాతం. పెంచలకోనలోనూ భైరవకోనలోనూ మనం కిందనుంచి ఫొటోలు తీసుకునేది దాన్నే గదా, పై నుంచి వచ్చేవాడికి అది దారి తెగిపోయే చోటు. పైగా వాగులో రాళ్ళకి పాచి పట్టి ఉంటుంది, చెప్పుల్తో దిగితే జారడం ఖాయం. తప్పిపోయినవాళ్ళు వాగులోకి దిగి, ఒక చిన్న అంచు దూకి, తర్వాతది పెద్దదై, ఎక్కలేక దిగలేక మధ్యలో ఇరుక్కుపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. నీళ్ళు పట్టుకోవడానికి వాగుకి వెళ్ళండి, దారి కోసం వెళ్ళొద్దు.

ఇంకోటి, చాలామంది లెక్కలోకి తీసుకోనిది, పొద్దు. కొండలు మనకి పడమర ఉన్నాయి కాబట్టి సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతాడు. నెల్లూరులో ఇంకా ఎండ కాస్తూ ఉండగానే కోన లోపల నీడ పడిపోతుంది, చెట్ల కింద అయితే ఇంకా ముందే చీకటి. డిసెంబరు, జనవరిలో అసలే ఆరు అటూఇటుగా అస్తమయం. ఫోన్లో అస్తమయం టైం చూసుకుని "ఇంకా గంటన్నర ఉందిలే" అనుకున్నవాడికి ఆ గంటన్నర ఉండదు. మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా సరే, ఇంకో పది నిమిషాల్లో శిఖరం అయినా సరే, వెనక్కి తిరగండి. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో దిగడానికీ అంతే పడుతుందని లెక్కేసుకోండి, దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతుంటాయి.

ఇక దొంగదారులు. అడవిలో అసలు దారికంటే నున్నగా, వెడల్పుగా కనపడే బాటలు బోలెడు ఉంటాయి. కొన్ని మేకలవి, కొన్ని పశువులవి, కొన్ని వెదురుకీ కట్టెలకీ పోయినవాళ్ళవి, కొన్ని అడవి పందులవి. ఇవి ఊరికి పోవాలని రూలేం లేదు. మేకలకి కావాల్సింది మేత, అది దొరికిన చోట బాట కూడా మాయమైపోతుంది. వెలిగొండల్లో ఎర్రచందనం కూడా ఉంది, దుంగలు మోసేవాళ్ళు వేసుకున్న బాటలు కావాలనే ఊళ్ళకి దూరంగా పోతాయి, వాటిల్లో పడితే రెండు రకాల తలనొప్పి: ఎదురుపడేది స్మగ్లర్లు కావచ్చు, వాళ్ళ కోసం కాపు కాసిన పోలీసులు, ఫారెస్టువాళ్ళు కావచ్చు. చీకట్లో సంచి భుజాన వేసుకుని అడవిలోంచి వచ్చే నలుగురు కుర్రాళ్ళు ట్రెక్కింగ్‌కి వచ్చామంటే వెంటనే నమ్మేదెవరు?

ఉదయగిరి దుర్గం సంగతి వేరే చెప్పాలి. మూడు వేల అడుగులకి పైగా ఉండే కొండ, దాని మీద కోట. దాన్ని గజపతుల చేతుల్లోంచి లాక్కోవడానికి శ్రీకృష్ణదేవరాయల సైన్యానికే ఏడాదికి పైగా పట్టింది, 1514లో గానీ చేతికి రాలేదు. అక్కడ పాత మెట్లూ బాటా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. కోట గోడల పక్కన పొదల్లోకి దూరితేనే కష్టం, కూలిన కట్టడాల మీద తీగలు అల్లుకుని కింద గొయ్యి ఉందో గట్టి నేల ఉందో తెలీదు. కర్రతో పొడిచి చూడకుండా పొదలో అడుగు పెట్టొద్దు.

ఎప్పుడు వెళ్ళాలి

కార్తీకమాసం వనభోజనాలంటే అందరికీ సరదా, కానీ మన దగ్గర కార్తీకం అంటే ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. కోనలో మీ నెత్తిన చినుకు లేకపోయినా పైన కొండ మీద గంట కురిస్తే చాలు, మోకాలి లోతు వాగు కాస్తా నడుం లోతుకి వచ్చేస్తుంది. నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, పై నుంచి హోరు వినపడినా వంటగిన్నెలు వదిలేసి గట్టెక్కండి. వాగు అవతల చిక్కుకుపోతే తగ్గేదాకా అవతలే కూర్చోండి. చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాటేద్దామనే ధైర్యం వద్దు, మోకాలి పైకి వచ్చిన వడి నీళ్ళు మనిషిని నిలబడనివ్వవు.

ఫిబ్రవరి చివరి నుంచి బోదగడ్డి ఎండిపోతుంది, ఒక బీడీ ముక్క చాలు. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్ళినవాళ్ళని అడవి మంట చుట్టుముట్టి ఇరవైమందికి పైగా చనిపోయారు. మంట వాలు మీద పైకి వేగంగా పాకుతుంది, కాబట్టి పైకి పరుగెత్తితే అది మిమ్మల్ని పట్టుకుంటుంది. గడ్డి లేని బండ మీదికో, ఎండిన వాగు రాళ్ళలోకో, అప్పటికే కాలిపోయిన నేల మీదికో పక్కకి తప్పుకోవాలి. ఏప్రిల్, మే సంగతి చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో ఊళ్ళోనే తిరగలేం, బండల మీద ఏం తిరుగుతాం. వానలు తగ్గాక జనవరి, ఫిబ్రవరి మొదటి సగం మంచి రోజులు.

బయల్దేరే ముందు

అనుమతి. పెంచలకోన చుట్టూ ఉన్న అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం, నల్లమల వైపుది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. గుడికి వెళ్ళే దారి వేరు, లోపలి అడవి వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా పోకూడదు, రిజర్వు ఫారెస్టులోకైనా ఊరికే చొరబడితే కేసు పెట్టొచ్చు. దగ్గర్లోని రేంజ్ ఆఫీసులోనో చెక్‌పోస్టులోనో అడిగితే ఎంతదాకా వెళ్ళొచ్చో చెబుతారు. ఇందులో ఇంకో లాభం ఉంది, మీరు లోపల ఉన్నారని ఒకరికి తెలుస్తుంది. వీలైతే స్థానికుణ్ణి ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. వాళ్ళ రోజు కూలి ఇవ్వడానికి బేరాలాడి, అదే రోజు చికెన్‌కీ డీజిల్‌కీ అంతకి మూడింతలు తగలేసేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

ఇంట్లో ఒకరికి చెప్పాల్సింది "కొండకి పోతున్నా" అని మాత్రమే అయితే సరిపోదు. ఏ కొండ, ఏ వైపు నుంచి ఎక్కుతున్నాం, ఎంతమంది, బండ్లు ఎక్కడ పెట్టాం, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తాం, ఆ టైం దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే అత్యవసర నంబరు 112కి చెప్పాలి అని మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్ లేకపోతే వెతకడం రాత్రి పదింటికి "వీడు ఏ ఫ్రెండ్‌తో పోయాడో" అన్న దగ్గర మొదలవుతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఎండాకాలమైతే నాలుగు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తినడానికి ఏదో ఒకటి, చేతి టార్చి (ఫోన్ లైటుని లెక్కలోకి తీసుకోవద్దు), ఒక ఈల, పవర్‌బ్యాంకు, పలచటి ప్లాస్టిక్ పట్టా, పొడుగు ప్యాంటు, పట్టు ఉన్న బూట్లు. ఈల అనగానే నవ్వుతారు గానీ గొంతు అరగంట అరిస్తే పోతుంది, ఈల తెల్లారేదాకా మోగుతుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పని చేస్తుంది. లోపలికి వెళ్ళగానే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే టవరు కోసం వెతికి వెతికి మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంది. మందు సీసా మాత్రం ఇంట్లోనే వదిలేయండి, దీని మీద నాకు మొహమాటం లేదు.

నడిచేటప్పుడు

తిరుగుదారి వచ్చిన దారిలాగా కనపడదు. ఎక్కేటప్పుడు మీరు చూసింది చెట్టుకి ఒక వైపు, దిగేటప్పుడు చూసేది ఇంకో వైపు. అందుకని దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఒక ఫొటో తియ్యండి, అది మీ మొహం లేని ఫొటో అయి ఉండాలి. రాళ్ళ మీద పెయింటు గుర్తులు, కొమ్మలకి కట్టిన గుడ్డపేలికలు ఉంటే ఒకటి దాటాక రెండోది కనపడేదాకా మనసులో పెట్టుకోండి. చాలాసేపు గుర్తు కనపడలేదంటే చివరి గుర్తు దగ్గరికి పోవాల్సిందే. మీరు కొత్తగా గుర్తులు పెట్టొద్దు, మీ వెనక వచ్చేవాళ్ళని ముంచుతారు.

గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వేగమే అందరి వేగం. వాణ్ణి వెనక ఒంటరిగా వదిలేసి "పైకొచ్చేయ్‌రా" అని అరిచి పోయే అలవాటు మనవాళ్ళలో బాగా ఉంది. కొండ తెలిసినవాడు ఒకడు ముందు, గట్టివాడు ఒకడు చివర. ఒంటికి పోవాలన్నా ఇద్దరు పోవాలి, సంచి దారి మీదే కనపడేలా పెట్టాలి, మాట వినపడేంత దూరం దాటకూడదు. ఫొటో కోసం అంచుకి పోయేవాడికి చెప్పేదేం లేదు, ఫోన్ లాక్కోవడమే.

అడవి అంచున పొలాల దగ్గర ఇంకా జాగ్రత్త. పందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగలు లాగుతారు, ఉచ్చులు పెడతారు. అది నేరమే అయినా ఆగట్లేదు, అప్పుడప్పుడు మనుషులే పోతున్నారు. చీకట్లో అడ్డదారిన పొలాల్లోంచి రోడ్డుకి పడదామనుకునేవాళ్ళకి అడవి కంటే ఇదే పెద్ద గండం.

దారి తప్పారని తెలిసింది, ఇప్పుడేంటి

కూర్చోండి. నిజంగానే, కింద కూర్చోండి. టెన్షన్‌లో కాళ్ళు వాటంతటవే వేగంగా నడుస్తాయి, ఏ వైపో వాటికీ తెలీదు. నీళ్ళు తాగి, ఏదైనా తిని, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లోంచి తీసి టైం ఎంత, చార్జింగ్ ఎంత, ఎంతమంది ఉన్నారు చూసుకోండి. ఎవడి వల్ల తప్పిపోయాం అన్న పంచాయితీ ఊళ్ళోకి వెళ్ళాక పెట్టుకోవచ్చు.

తర్వాత, చివరిసారి దారి కచ్చితంగా కనపడింది ఎక్కడ అని అందరూ చెప్పాలి. మ్యాప్‌లో నడిచిన గీత ఉంటే దాన్ని చూసుకుంటూ, లేకపోతే తీసిన ఫొటోలు వెనక్కి చూసుకుంటూ అక్కడికి పోండి. బయల్దేరే ముందు కూర్చున్న చోట ఒక తువ్వాలో రంగు సంచో చెట్టుకి కట్టండి, పావుగంట నడిచినా గుర్తుపట్టే చోటు రాకపోతే మళ్ళీ దాని దగ్గరికే వచ్చి ఇంకో వైపు చూడండి. గుంపుని రెండుగా చీల్చి "నువ్వటు వెతుకు, నేనిటు వెతుకుతా" అంటే, ఒక గుంపు తప్పిపోయిన చోట రెండు గుంపులు తప్పిపోతాయి.

ఇలా రెండు మూడు సార్లు చేసినా దొరకలేదంటే, లేదా పొద్దు వాలుతోందంటే ఇక నడవొద్దు. కాస్త తెరపిగా, పై నుంచి కనపడే చోట ఆగిపోండి. 112కి చెయ్యండి, మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే ఆ కాల్ పోతుంది. మ్యాప్‌లో మీరున్న చోట వేలు నొక్కిపెడితే అంకెలు వస్తాయి, అవి చదివి చెప్పండి, ఇంటికి మెసేజ్‌గా కూడా పంపండి. కాల్ కలవని చోట మామూలు మెసేజ్ ఒక్కోసారి దూరిపోతుంది. మూడుసార్లు ఈల ఊది ఒక నిమిషం ఆగి వినండి, మళ్ళీ మూడుసార్లు. రాత్రి అయితే టార్చితో అదే లెక్క. చీకట్లో దిగే ప్రయత్నం చెయ్యొద్దు. బండ పక్కన, గాలి తగలని చోట, నేల మీద ఆకులు పరుచుకుని పట్టా కప్పుకుని ఒకరికొకరు ఆనుకుని కూర్చుంటే మన కొండల్లో రాత్రి గడిచిపోతుంది. వాగు ఒడ్డున మాత్రం పడుకోవద్దు.

వెతకడానికి వచ్చేవాళ్ళకి ఎంతసేపు పడుతుందో తెలియాలంటే ఒక్కటి గుర్తుచేసుకోండి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనపడకుండా పోతే, ప్రభుత్వ యంత్రాంగం మొత్తం కదిలి, విమానాలు తిరిగి, పావురాలగుట్ట మీద దాన్ని కనిపెట్టేసరికి మర్నాడు ఉదయం అయింది. రాష్ట్రం మొత్తం వెతికితేనే అంతసేపు. మీరు కదలకుండా ఒకేచోట ఉంటే వెతికేవాళ్ళ పని సగం తగ్గుతుంది, మీరు కూడా నడుస్తూ పోతే వాళ్ళు వెతికేసిన చోటికే మీరు వెళ్ళొచ్చు.

పాము కరిస్తే కరిచిన టైం గుర్తుపెట్టుకుని, ఉంగరాలూ వాచీ తీసేసి, కాలు కదలకుండా కర్రతో కట్టి మనిషిని మోసుకు రండి. తాడు బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు మందు ఏవీ వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు ఇంజెక్షన్, ప్రభుత్వాసుపత్రిలో ఇస్తారు, పాముని పట్టుకెళ్ళాల్సిన పని లేదు. 108కి చేసి రోడ్డు దగ్గరికి రమ్మనండి. ఎలుగుబంటి కనపడితే మెల్లగా వెనక్కి అడుగులు వెయ్యండి, చెట్టెక్కితే అది కూడా ఎక్కుతుంది. బండ అంచులకి పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటే ఆ కింద పొయ్యి పెట్టొద్దు, గట్టిగా అరవొద్దు. లేచాయంటే మొహం కప్పుకుని ఆపకుండా దూరంగా పరుగెత్తడమే.

కిందికి వచ్చాక ముందు ఫోన్ చెయ్యాల్సింది ఇంట్లో చెప్పి వెళ్ళినవాళ్ళకి, తర్వాత చెక్‌పోస్టుకి, లేకపోతే మీరు టీ తాగుతుంటే వాళ్ళు అడవిలో వెతుకుతుంటారు. ఆ రాత్రి స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, నడుం చుట్టూ పురుగులేమైనా పట్టాయేమో చూసుకోండి, బట్టలు వేడినీళ్ళలో వెయ్యండి. ఒకటి నుంచి మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి వచ్చి ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు కనపడితే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, పొదల్లో ఉండే నల్లి కన్నా చిన్న పురుగు కుడితే వస్తుంది. మందు మామూలుదే, ఆలస్యమైతేనే ప్రమాదం, కాబట్టి డాక్టర్ అడగకపోయినా అడవికి వెళ్ళొచ్చామని మీరే చెప్పండి.